అటక మీది అవతారం
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడు నన్ను నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "విషయం మీ ఇష్టమండీ, ఏదైనా ఫరవాలేదు" అన్నారు. నేను విషయం చెప్పిన తర్వాత ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "కంప్యూటర్ ఆటా అండీ? పెద్దవాళ్ళు కూడా వస్తారు కదండీ" అన్నారు. పెద్దవాళ్ళ కోసమే చెబుతానన్నాను. ఏదైనా ఫరవాలేదన్న మాట నోటినుంచి జారిపోయింది గనక ఆయనకు గత్యంతరం లేకపోయింది. అందుచేత ఈ అపరాధంలో ఆయనకు భాగం లేదని ముందుగానే మనవి చేస్తున్నాను.

నేను చెప్పబోయేది 1985లో వచ్చిన ఒక ఆట గురించి. పేరు "అల్టిమా నాలుగు". ఆ పేరు కింద "క్వెస్ట్ ఆఫ్ ది అవతార్" అని ఉంటుంది. ఒక మనిషిగా వేషం వేసుకుని, కత్తులూ మంత్రాలూ రాక్షసులూ ఉన్న ఒక కల్పిత దేశంలో తిరిగే ఆట. ఇప్పటి పిల్లలు ఆడే ఆటల్లో గడ్డిపరక కూడా గాలికి ఊగుతుంది. దీంట్లో మనిషంటే గోరంత బొమ్మ, అడవంటే ఆకుపచ్చ చుక్కలు. ఇంత పాత ఆటను ఈనాడు కొత్తగా పట్టుకునేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తడబడతారో నేను తడబడి తెలుసుకున్నాను గనక అది చెబుతాను. ఆట నేను పూర్తి చెయ్యలేదు. అది కూడా ముందే ఒప్పుకుంటున్నాను.

ఉగాది సభలో దీని ప్రసక్తి ఎందుకంటే రెండు కారణాలున్నాయి. మొదటిది, దీన్ని తయారుచేసినవాడు మన హ్యూస్టన్‌లో పెరిగినవాడు. రిచర్డ్ గారియట్ అని. పుట్టింది 1961లో ఇంగ్లండులో. పెరిగింది ఇక్కడే, అంతరిక్ష కేంద్రానికి ఎదురుగా ఉన్న నాసౌ బే అనే చిన్న ఊళ్ళో. తండ్రి ఓవెన్ గారియట్ వ్యోమగామి. 1973లో స్కైలాబ్‌లో 59 రోజులు ఉండి వచ్చాడు. కొడుకు బడిలో చదువుతూనే కంప్యూటర్ మీద ఆటలు రాయడం మొదలుపెట్టాడు. కంప్యూటర్లు అమ్మే దుకాణంలో సెలవుల్లో పనిచేస్తూ, తన మొదటి ఆట "అకలబెత్"ను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఆ దుకాణంలోనే అమ్మాడు. 1981లో మొదటి అల్టిమా, 82లో రెండోది, 83లో మూడోది వచ్చాయి. ఆ 83లోనే తండ్రీ అన్నా కూడా కలిసి సొంత కంపెనీ పెట్టుకున్నారు. తర్వాత ఎప్పుడో 2008లో తన డబ్బు ఖర్చుపెట్టుకుని తానూ అంతరిక్షానికి వెళ్ళివచ్చాడు. నేను 1972లో ఈ ఊరు వచ్చాను. ఆ కుర్రవాడు ఆ దుకాణంలో నిలబడ్డ రోజుల్లో నేను ఆ దుకాణం ముందునుంచి పోయి ఉంటాను. లోపలికి మాత్రం వెళ్ళలేదు.

రెండో కారణం ఆ పేరులో ఉన్న మాట. అది మన మాట. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

1986లో మా అబ్బాయికి పదకొండేళ్ళు. బడి చదువుకు పనికొస్తుందని పాత ఆపిల్ కంప్యూటర్ ఒకటి కొన్నాను. వాడు వాళ్ళ మిత్రుడి దగ్గర ఏవో బొమ్మకార్డులు ఇచ్చి ఈ ఆట పెట్టెను మార్పిడి చేసుకుని తెచ్చుకున్నాడు. పెట్టెలో రెండు పుస్తకాలు, గుడ్డ మీద అచ్చువేసిన ఒక దేశపటం, ఈజిప్టు వాళ్ళ ఆంఖ్ గుర్తు లోహంతో చేసిన బిళ్ళ, పలచని డిస్కులు. రెండు నెలలు వాడు దాన్ని వదల్లేదు. మూడో నెలలో లెక్కల్లో మార్కులు తగ్గాయి. నేను పెట్టెను తీసి అటకెక్కించాను. మన భాషలో అటకెక్కించడమంటే మానిపించడమని అర్థం. నేను రెండు విధాలా ఆ పనే చేశాను. వాడు ఏడవలేదు, అడగలేదు. తర్వాత లెక్కలు బాగా వచ్చాయి. ఇది జరిగిందని కూడా నేను మరచిపోయాను.

కిందటి వేసవిలో మా మనవడు అటక మీద దుప్పట్ల కోసం ఎక్కి, దుప్పట్లు మరిచిపోయి ఆ పెట్టెతో దిగాడు. వాడికిప్పుడు పదమూడు. ఆపిల్ ఏనాడో పోయింది. కాని 2011 నుంచి గాగ్ అనే సంస్థ ఈ ఆటను ఉచితంగా పంచిపెట్టిందట. మావాడు దాన్ని అరగంటలో మా ఇంట్లో కంప్యూటర్ మీదికి దించి, "తాతయ్యా, మీరు ఆడండి, నేను చూస్తాను" అన్నాడు. ఇలా చిక్కుకున్నాను.

సరే, మొదలుపెట్టడం. మొదటి సలహా: కంప్యూటర్ ముందు కూర్చోకండి. ముందు ఆ రెండు పుస్తకాలు చదవండి. ఒకటి బ్రిటానియా అనే ఆ దేశం చరిత్ర, రెండోది మంత్రశాస్త్రం. ఇప్పటి ఆటలు మిమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. ఇది అలా చెయ్యదు. చెప్పవలసింది పుస్తకాల్లో చెప్పేశాం కదా అని ఊరుకుంటుంది. అందులో ఇంగ్లీషు పాతకాలపు ఇంగ్లీషు, "థౌ", "థీ" అని ఉంటుంది. మావాడు ఇక్కడ పుట్టి ఇక్కడ చదువుతూ దాన్ని చూసి బెదిరాడు. నేను కాకినాడలో షేక్స్‌పియర్ బట్టీపట్టి ప్యాసైనవాణ్ణి గనక నాకది సొంత ఊరికి వెళ్ళినట్టుంది. తాతయ్యకు ఇంగ్లీషు వచ్చునని మావాడికి ఆ రోజు రూఢి అయింది.

గుడ్డ పటం మీద ఊళ్ళ పేర్లు రూన్‌లనే పురాతన లిపిలో ఉంటాయి. ఏ గుర్తు ఏ అక్షరమో పోల్చుకుంటూ చదువుకోవాలి. మావాడు రెండు సాయంత్రాల్లో ఆ లిపి నేర్చేసుకున్నాడు. మన సంఘం ఆదివారం బడిలో మూడేళ్ళుగా వాడి గుణింతాలు "కౌ" దగ్గరే ఆగి ఉన్నాయి. పంతులమ్మగారు ఇక్కడే ఉన్నారు; ఆవిడ తప్పేమీ లేదు. గుణింతాలు చదివితే ఏ ఊరికి దారి తెలుస్తుందో మనం వాడికి చెప్పలేదు.

ఆట మొదలుపెట్టగానే యుద్ధం ఉండదు. పచ్చికలో నడుస్తుంటే ఒక సంత కనిపిస్తుంది. ఆ సంతలో బండి దగ్గర సోదె చెప్పే ఒక జిప్సీ ఆవిడ, మన ఎరుకలసాని అనుకోండి. ఆవిడ చీట్లు పరిచి ఏడు ప్రశ్నలు వేస్తుంది. ఒక్కొక్క ప్రశ్నలో రెండు మంచి గుణాలు ఎదురెదురుగా నిలబడతాయి. లెక్కపెట్టని డబ్బుసంచి ఒకరికి అందజెయ్యమని నీకిచ్చారు, దారిలో ముష్టివాడు కనిపించాడు, ఒక నాణెం తీసినా ఎవరికీ తెలియదు, ఏం చేస్తావు? ఇలాంటివి. మంచికీ చెడుకీ మధ్య ఎంచుకోమంటే ఎవరైనా చెబుతారు. మంచికీ మంచికీ మధ్య ఎంచుకోమంటుంది. శిబి చక్రవర్తినీ హరిశ్చంద్రుణ్ణీ పక్కపక్కన నిలబెట్టి ఒకణ్ణి ఇంటికి పంపించెయ్యమన్నట్టు ఉంటుంది.

ఆ గుణాలు ఎనిమిది. నిజాయితీ, కరుణ, శౌర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం. ప్రశ్నకొకటి చొప్పున రాలిపోయి చివరికి మిగిలిన గుణమే మీ వేషం. నిజాయితీ మిగిలితే మాంత్రికుడు, కరుణ అయితే పాటగాడు, శౌర్యమైతే యోధుడు, ఇలాగ. ఒక్కొక్క వేషానికి ఒక్కొక్క ఊరు. ఇక్కడ నా రెండో సలహా: ఏ జవాబు చెబితే ఏ వేషం వస్తుందో ముందే తెలుసుకుని జవాబు చెప్పకండి. నేను నిజమైన జవాబులే చెప్పాను. కవచం తొడుక్కున్న వీరుణ్ణవుతానని లోపల ఆశ ఉన్న మాట వాస్తవం. నాకు వచ్చింది గొర్రెల కాపరి. వినయానికి గుర్తు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "వినయమా? మీకా?" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

గొర్రెల కాపరి వేషం అన్నిటికన్నా కష్టమైనదట. బలం తక్కువ, పైగా మొదలయ్యే ఊరు మగిన్షియా, ఒక దీవి మీద ఉన్న శిథిలం. గర్వం వల్ల నాశనమైన ఊరది. అక్కడ మిగిలినవి దయ్యాలు. మావాడు జాలిపడి, "తాతయ్యా, మళ్ళీ మొదలుపెడదాం, ఈసారి అబద్ధం చెప్పండి" అన్నాడు. వద్దన్నాను. వద్దనడం తెలివైన పని కాదని వారం రోజులకు తెలిసింది గాని మార్చుకోలేదు. మీకు కాపరి వేషం వస్తే, రోషం లేనివారైతే, మళ్ళీ మొదలుపెట్టండి. తప్పు లేదు.

కంప్యూటర్ మీట మీది ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క పని ఉంటుంది. టి నొక్కితే మాట్లాడడం, ఎస్ నొక్కితే వెతకడం, జెడ్ నొక్కితే మన బలాబలాల పట్టిక. ఇరవై ఆరూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. అంతకంటె ముఖ్యమైనది, ఒక నోటుపుస్తకం. ఈ ఆట మీరు విన్నదేదీ గుర్తుపెట్టుకోదు, మీరే రాసుకోవాలి. ఊళ్ళో ఎవరు కనబడినా నిలబెట్టి ముందు పేరు అడగాలి, తర్వాత పని అడగాలి, ఆరోగ్యం అడగాలి. ఇంగ్లీషులో నేమ్, జాబ్, హెల్త్ అని టైపు చెయ్యాలి. మాటలో మొదటి నాలుగక్షరాలు కొడితే చాలు. వాళ్ళ జవాబులో ఏదో ఒక మాట ఉంటుంది. ఆ మాట పట్టుకుని మళ్ళీ అడగాలి. దాంట్లోంచి ఇంకో మాట. రైలుపెట్టెలో ఎదుటి బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషిని "ఏ ఊరండీ, ఎవరి తాలూకండీ" అని మొదలుపెట్టి స్టేషను వచ్చేలోపల వాళ్ళ మేనత్త పెళ్ళి దాకా లాగుతామే, అదే విద్య. మావాడికి ఇది చేతకాలేదు. ఒక ప్రశ్న అడిగి వచ్చేసేవాడు. ఈ ఒక్క చోట మాత్రం మనవాళ్ళు ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు.

మొదట వెళ్ళవలసిన చోటు లార్డ్ బ్రిటిష్ కోట. బ్రిటన్ అనే ఊరి దగ్గర ఉంటుంది. లార్డ్ బ్రిటిష్ అంటే గారియట్ పెట్టుకున్న సొంత వేషమే. ఇంగ్లండు యాసతో మాట్లాడుతున్నాడని కుర్రతనంలో ఒక వేసవి శిబిరంలో మిత్రులు పెట్టిన ముద్దుపేరట. రాజుగారిని ఆరోగ్యం అడగండి. తాను కులాసా అని చెప్పి, నువ్వు బాగున్నావా అని ఆయన తిరిగి అడుగుతాడు. లేదని చెబితే కానీ ఖర్చు లేకుండా గాయాలు మాన్పుతాడు. నేను మన అలవాటు ప్రకారం మూడుసార్లు "బాగానే ఉన్నానండీ" అని చెప్పి, నెత్తురోడుతూ బయటికి వచ్చి చచ్చిపోయాను. ఎలా ఉన్నావంటే ఉన్నమాట చెప్పడం ఆ కోటలోనే నేర్చుకున్నాను.

దీవుల మీద మొదలైనవాళ్ళు కోటకు వెళ్ళడానికి చంద్రద్వారాలు వాడాలి. ఆ ఆకాశంలో ఇద్దరు చంద్రులు. ట్రామెల్ కళను బట్టి ఎనిమిది ఊళ్ళలో ఏ ఊరి దగ్గర ద్వారం తెరుచుకుంటుందో తెలుస్తుంది. ఫెలుక్కా కళను బట్టి అది ఎక్కడికి తీసుకుపోతుందో తెలుస్తుంది. తిథి చూసి ప్రయాణం పెట్టుకునే మనకు ఇది కొత్త కాదు. మా ఆవిడ రాహుకాలం కూడా చూడమంది. దానికి ఆటలో ఏర్పాటు లేదు.

కోటలో హాక్‌విండ్ అనే జ్ఞాని ఒకడున్నాడు. ఆయన దగ్గరికి తరచు వెళ్ళండి. ఎందుకో చెప్పాలంటే నా నేరం ఒకటి చెప్పాలి.

ఈ ఆటలో మంత్రాలు ఊరికే పలకవు. ముందుగా దినుసులు కొని నూరి పెట్టుకోవాలి. వెల్లుల్లి, జిన్సెంగ్ వేరు, సాలెపట్టు, గంధకపు బూడిద, నల్లముత్యం, ఇలాంటివి. జిన్సెంగూ వెల్లుల్లీ కలిపితే విషానికి విరుగుడు. జిన్సెంగూ సాలెపట్టూ కలిపితే గాయాలకు మందు. మొదట్లో ఈ రెండూ చాలు. మిగిలిన మంత్రాల జోలికి పోయి డబ్బు తగలెయ్యకండి. ఈ దినుసులు అమ్మే ఆవిడకు కళ్ళు కనపడవు. ఇంత అయింది అని చెబుతుంది, డబ్బు మనమే లెక్కపెట్టి ఇవ్వాలి. తక్కువిచ్చినా పుచ్చుకుని దణ్ణం పెట్టినంత పని చేస్తుంది.

నేను తక్కువిచ్చాను. నలభై ఏళ్ళు ఇంజనీరుగా పనిచేసి, ఒక్క పైసా ఎవరిదీ తినకుండా రిటైరైనవాణ్ణి. ఆట కదా అనుకున్నాను. మావాడు పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఏమీ జరగలేదు కూడా. గంట మోగలేదు, పోలీసు రాలేదు. ఆ మిగిలిన నాణేలతో రొట్టెలు కొనుక్కున్నాను. నాలుగైదుసార్లు అలాగే చేశాను. తర్వాత ఒకనాడు హాక్‌విండ్ దగ్గరికి వెళ్ళి నా నిజాయితీ ఎంతవరకు వచ్చిందని అడిగాను. ఆయన చెప్పింది వినడానికి బాగులేదు.

ఈ ఆట లోపల చిత్రగుప్తుడి చిట్టా ఒకటి నడుస్తుంటుంది. ఎనిమిది గుణాలకు ఎనిమిది పద్దులు. అంకెలు మనకు కనపడవు. ఊళ్ళో పరాయివాళ్ళ పెట్టె తెరిస్తే ఒక పద్దులో కోత. ముష్టివాడికి ఇస్తే మరో పద్దులో జమ. వైద్యుడు నెత్తురు ఇస్తావా అని అడిగితే ఇచ్చామా, త్యాగంలో జమ. దుష్టజాతి పోరులో వెన్నుచూపి పారిపోతే శౌర్యంలో కోత. పాములూ ఎలుకలూ వంటివి, తమ స్వభావాన్ని బట్టి కరిచేవేగాని దుష్టులు కానివి, ఎదురైతే తరిమి వదిలెయ్యాలి, వెంటాడి చంపకూడదు. నువ్వు అందరికన్నా గొప్పవాడివా అని ఎవరైనా అడిగితే, అవునంటే వినయంలో కోత. ఆ ప్రశ్న మాత్రం నేను బాగానే దాటాను. ఆ సంగతి మా ఆవిడకు చెబితే నమ్మలేదు.

ఈ చిట్టా పెట్టడానికి కారణం ఉంది. మూడో అల్టిమా ఆడినవాళ్ళ ఉత్తరాలు సొంత కంపెనీ పెట్టాక తిన్నగా గారియట్ చేతికి రావడం మొదలైంది. చదివితే, దేశాన్ని కాపాడవలసిన వీరులు ఊళ్ళో దుకాణాలు దోచుకుంటున్నారు, దొరికినవాణ్ణి దొరికినట్టు చంపుతున్నారు. ఆటలో అలా చేస్తేనే త్వరగా పైకొస్తారు మరి. దుష్టుణ్ణి చంపితే వీరుడనే కథ అతనికి ఎబ్బెట్టుగా తోచింది. అందుకని నాలుగోదాంట్లో దుష్టుణ్ణే తీసేశాడు. రావణుడు లేని రామాయణం అనుకోండి. గెలవవలసింది ఎవర్నీ కాదు. ఎనిమిది గుణాల్లోనూ పద్దు నిండాలి; నిండిన గుణానికి దాని గుడికి వెళ్ళి, దాని మంత్రంతో ధ్యానం చెయ్యాలి. ఆ మంత్రాలు ఊళ్ళవాళ్ళను అడిగి సంపాదించాలి గనక నేను చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను, మీకు ఎలాగూ తెలుసు గనక: ఆధ్యాత్మికతకు మంత్రం ఓం.

మొదలుపెట్టేవాళ్ళకు చిల్లర జాగ్రత్తలు కొన్ని. బురదనేలల్లో నడవకండి, విషమెక్కుతుంది. వంతెనల దగ్గర ట్రోల్ అనే భూతాలు కాచుకుని ఉంటాయి. తిండి అయిపోకుండా చూసుకోండి. తోడు లేకుండా దూరం పోకండి. బ్రిటన్‌లో ఐయోలో అనే పాటగాడున్నాడు, మీరే పాటగాడి వేషం కాకపోతే, రమ్మంటే వస్తాడు. క్యూ నొక్కి ఆటను భద్రపరుచుకోవడం ఊరి బయటే సాధ్యం, లోపల కుదరదు. దూరంనుంచి విసిరే ఆయుధం ఒకటి ముందుగా కొనుక్కోండి. ఇంతే. దారి మొత్తం అచ్చువేసిన పుస్తకాలు, జవాబుల పట్టీలు దొరుకుతాయి, చూడకండి. చూస్తే నాలుగు రోజుల్లో అయిపోతుంది, ఏమీ మిగలదు.

ఇక ఆ మాట సంగతి. పెట్టెలో అడుగున మా అబ్బాయి నోటుపుస్తకం దొరికింది. 1986 నాటిది, గీతల పుస్తకం. ఊరి పేరు, మనిషి పేరు, అతను చెప్పింది, ఎంత శ్రద్ధగా రాశాడో చెప్పలేను. లెక్కల పుస్తకం కూడా వాడు అలా రాయలేదు. మొదటి పేజీలో ఇంగ్లీషులో ఉంది: అవతార్ అంటే ఏమిటి, నాన్నను అడగాలి. దాని కిందే జవాబు: చేప, తాబేలు, పంది. తర్వాత రెండు ప్రశ్నార్థకాలు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. వాడు అడిగాడు. నేను పేపరు చదువుతూ, దశావతారాలూ, మత్స్య కూర్మ వరాహ, చాలా ఉన్నాయి, ఇప్పుడు పడుకో అన్నాను. పదకొండేళ్ళ పిల్లవాడు ఆ ఆట చివరికంటా ఆడితే తాను తాబేలవుతాడని అనుకున్నాడో ఏమో!

ఆ రాత్రి వాడికి ఫోను చేశాను. వాడిప్పుడు సియాటిల్‌లో ఉంటాడు. యాభై ఏళ్ళవాడు, పనుల మీద ఉండేవాడు. మా ఫోను సంభాషణ మామూలుగా మూడు నిమిషాలు: వాతావరణం, మందులు, అమ్మకిస్తాను. ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం. అవతారమంటే దిగడం అని చెప్పాను. "అవ" అంటే కిందికి. పైనున్నవాడు మనకోసం దిగిరావడం. వాడు కాసేపు ఊరుకుని, "మరి ఆ ఆటలో మనిషే కదా నాన్నగారూ ఎక్కేది" అన్నాడు. అవును. గారియట్ మన మాటను తీసుకున్నాడు గాని నిచ్చెనను తిరగేశాడు. మామూలు మనిషి ఒక్కొక్క మెట్టే ఎక్కి అవతార్ అవుతాడు. శబ్దార్థం ప్రకారం అది తప్పు. పండితులెవరైనా అతన్ని నిలదీస్తే నేను అడ్డుపడను. కాని ఆ తప్పు మీద మా తండ్రీ కొడుకులం గంటన్నర మాట్లాడుకున్నాం గనక నాకు దాని మీద కోపం లేదు.

తర్వాత నేను గుడ్డి ఆవిడకు తక్కువిచ్చిన సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు. "నేనూ ఇచ్చాను నాన్నగారూ. బాగుచేసుకోవచ్చు. ఇప్పటినుంచి ప్రతిసారీ పూర్తిగా ఇవ్వండి, మెల్లిగా పైకొస్తుంది. పుస్తకంలో రాశాను చూడండి" అన్నాడు. చూశాను. పదిహేడో పేజీలో రాశాడు. ఆ పేజీ తర్వాత అన్నీ ఖాళీ. నేను పెట్టె తీసేసిన రోజు అదే అయివుంటుంది.

క్షమాపణ చెప్పానా అని మీరు అడగవచ్చు. చెప్పబోయాను. వాడు, "లెక్కలు రాకపోతే అమ్మ ఊరుకునేది కాదులెండి" అని మాట మార్చేశాడు. ఇప్పుడు ఆదివారం ఉదయాలు ముగ్గురం ఆడుతున్నాం. తెరమీద నేను, పక్కన మనవడు, ఫోనులో వాడు. పద్దెనిమిదో పేజీ నుంచి నోటుపుస్తకంలో నా దస్తూరీ ఉంది. రెండు గుణాలు నిండాయి. నిజాయితీ ఇంకా నిండలేదు; అది అందరికన్నా ఆఖరున నిండేట్టుంది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. పక్కగదిలో కంప్యూటర్ పెట్టి ఉంచాం, మావాడు దాని దగ్గరే ఉన్నాడు. భోజనాల తర్వాత ఎవరికైనా ఆ ఎరుకలసాని ప్రశ్నలకు జవాబు చెప్పాలనిపిస్తే రండి. ఏడు ప్రశ్నలు, పది నిమిషాలు. తల్లిదండ్రులు పిల్లల్ని పంపించి ఊరుకోకుండా తామే కూర్చుంటే మరీ మంచిది. జవాబు చెప్పేటప్పుడు పిల్లలు పక్కన ఉండాలి, వాళ్ళకు మన అసలు జవాబులు తెలుసు. నోటుపుస్తకాలు మేమే కొన్ని కొనితెచ్చాం. పెన్సిలు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి.

సెలవు.